డిస్‌ప్లే రానంత మాత్రాన బోర్డు పోయినట్టు కాదు

రాత్రి వరకు బాగానే పనిచేసిన కంప్యూటర్ పొద్దున్నే మొరాయిస్తుంది. స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, ముందున్న లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. క్యాబినెట్‌ను ఆటోలో పెట్టుకుని షాపుకు తీసుకెళ్తే పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: ‘బోర్డు పోయిందండీ.’ ఆ మాట నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ అంత తొందరగా తేలే విషయం మాత్రం కాదది.

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు పరిస్థితి ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలి పరిస్థితి లాంటిది. ఎక్కడ ఏం జరిగినా నింద ఆమె మీదికే వస్తుంది. ర్యామ్, ప్రాసెసర్, హార్డ్ డిస్క్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), ముందున్న యూఎస్‌బీ పోర్టు అన్నీ కలిసేది బోర్డు మీదే కాబట్టి వాటిలో ఏది చెడినా పైకి కనిపించే లక్షణం చాలాసార్లు ఒకటే. డిస్‌ప్లే రాదు. అందుకే బోర్డు మార్చడంలో స్క్రూలు విప్పి బిగించేది చిన్న పని, చేయి తిరిగినవాళ్లకు గంట చాలు. కష్టమంతా దానికి ముందే ఉంది. నిజంగా బోర్డే పోయిందా అన్నది ఒకటి. పోతే, మిగతా సామాను మొత్తాన్నీ ఒప్పుకునే బోర్డు ఇప్పుడు దొరుకుతుందా అన్నది రెండోది.

ముందు మిగతావాటిని తప్పించాలి

మొదట అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల్ని అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి 24 పిన్ల కనెక్టరు ద్వారా బోర్డుకు అందిస్తుంది. మెకానిక్‌లు చేసే పాత పరీక్ష ఒకటి ఉంది. ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి పూర్తిగా విడదీసి, ఆ కనెక్టరులోని ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో చిన్న తీగ ముక్కతో కలపడం. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగితే ‘బాగానే ఉంది’ అనేస్తారు. నిజానికి ఈ పరీక్ష చెప్పేది ఎస్‌ఎంపీఎస్ మొదలవుతోందని మాత్రమే. లోడు పడ్డాక 12 వోల్టులు నిలబడతాయో లేదో అది చెప్పలేదు. మల్టీమీటరు పెట్టి చూస్తే 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఊదా రంగు వైరులో స్విచ్ నొక్కకముందే 5 వోల్టులు రావాలి. స్టాండ్‌బై కరెంటంటే అదే. అది లేకపోతే బోర్డు పవర్ బటన్ మాటే వినదు. ఇంత లెక్క ఎందుకనుకుంటే, బాగా పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

తర్వాత ర్యామ్. ర్యామ్ తీసి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో దాని బంగారు పళ్లను తుడిచి మళ్లీ పెట్టడం మన దగ్గర ప్రతి ఇంటి చిట్కా. దీన్ని నాటువైద్యమని నవ్వక్కర్లేదు. కాంటాక్టుల మీద పట్టిన సన్నని పొర పోతే నిజంగానే చాలా కంప్యూటర్లు లేస్తాయి, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీ ఎక్కువ. కాకపోతే గట్టిగా రుద్దితే బంగారు పూత కూడా లేచిపోతుంది, రబ్బరు పొట్టు స్లాటులో పడితే కొత్త తలనొప్పి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కదాన్నే, ఒక్కో స్లాటులో మార్చి మార్చి చూడాలి. ఒక స్లాటు చచ్చిపోయి రెండోది బతికే ఉన్న బోర్డులు కొల్లలు.

బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్ సంగతి కూడా చూడాలి. అది 3 వోల్టుల బ్యాటరీ. అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది, బయోస్ (స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే తొలి ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగిపోతాయి. కొన్ని పాత బోర్డులు అసలు మొదలే కావు. ప్లగ్గు పీకి, సెల్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెడితే సెట్టింగులు మొదటికి వస్తాయి. దీనికయ్యే ఖర్చు ఒక సెల్ ధర.

ఇవన్నీ అయ్యాక అసలైన పరీక్ష మొదలవుతుంది. బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టాలి. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి. పవర్ బటన్ వైర్లు తగిలించే రెండు పిన్లను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపితే బోర్డు మొదలవ్వాలి. లోపల మొరాయించిన బోర్డు బయట హాయిగా పనిచేస్తే దోషం బోర్డుది కాదు. బోర్డు కింద ఎక్కడో ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు) ఉండకూడని చోట ఉండి తగులుతుండొచ్చు, జారిపడ్డ స్క్రూ ఒకటి షార్ట్ చేస్తుండొచ్చు. ముందు యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ తిరగేసి దూర్చినప్పుడు వంగిన పిన్నే కారణమైన సందర్భాలు కూడా ఉంటాయి. కంప్యూటర్ అర సెకను తిరిగి ఆగిపోతుంటే షార్ట్ కోసమే మొదట వెతకాలి. ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆపేస్తోందన్నమాట.

ఇక్కడే ఒక చక్కని కిటుకు ఉంది. బోర్డుకు చిన్న బీప్ స్పీకరు తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి స్విచ్ వేయాలి. ర్యామ్ లేదని బీప్ కొడితే అది శుభవార్త. బీప్ కొట్టాలంటే ప్రాసెసర్ బతికుండాలి, బయోస్ చదవగలగాలి, వాటికి కరెంటు సరిగ్గా అందాలి. అంటే బోర్డులో సగానికి పైగా ఆరోగ్యంగా ఉన్నట్టే. కొత్త బోర్డుల్లో స్పీకరుకు బదులు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు చిన్న లైట్లు పెడుతున్నారు. ఏ లైటు దగ్గర ఆగిపోతే రోగం అక్కడే అని సూచన. సూచన మాత్రమే, తీర్పు కాదు. ర్యామ్ లైటు వెలిగిందంటే ర్యామ్, స్లాటు, ప్రాసెసర్‌ కింద వంగిన పిన్ను ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు.

బీప్ కూడా రాలేదు, లైట్లూ కదల్లేదు అనుకుందాం. అప్పుడైనా ఇంకో అవకాశం మిగిలి ఉంటుంది. బయోస్ ఉండేది ఎనిమిది కాళ్ల చిన్న చిప్పులో. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, చిప్పులోని సమాచారం ఎలాగో పాడైనా బోర్డు శవంలా పడి ఉంటుంది. చిప్‌లెవెల్ పని, అంటే బోర్డు మీది చిప్పులనే బాగుచేసే పని చేసే షాపుల్లో ప్రోగ్రామరు అనే చవకైన పరికరం ఒకటి ఉంటుంది. కంపెనీ వెబ్‌సైటు నుంచి ఆ మోడల్ బయోస్ ఫైలు దించి చిప్పులో తిరిగి రాస్తే బోర్డు లేచి కూర్చుంటుంది. ఇది బోర్డు పోవడం కాదు, దాని తలరాత చెరిగిపోవడం. కొత్త బోర్డు కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగని కస్టమర్లే ఎక్కువ.

సగం పోయిన బోర్డులు

బోర్డు మొత్తం పోవడం కన్నా అందులో ఒక మూల పోవడం ఎక్కువగా జరుగుతుంది. దీనికి మంచి ఉదాహరణ ఇంటర్నెట్ వైరు గుచ్చే లాన్ పోర్టు. ఫైబర్ ఇంటిదాకా రాకముందు కేబుల్ ఆపరేటర్లు స్తంభాల మీదుగా, మేడల మీదుగా రాగి వైర్లు లాగి ఇంటర్నెట్ ఇచ్చేవారు. ఇప్పటికీ చాలాచోట్ల ఆఖరి వంద మీటర్లు రాగే. దగ్గర్లో పిడుగు పడితే ఆ తాకిడి వైరు వెంట వచ్చి లాన్ చిప్పును కాల్చేస్తుంది. మిగతా బోర్డు నిక్షేపంలా ఉంటుంది. అలాంటప్పుడు చవకైన లాన్ కార్డు స్లాటులో పెడితే సరిపోతుంది, లేదా యూఎస్‌బీ అడాప్టరు తగిలిస్తే చాలు. ఆడియో జాక్ పోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు, హార్డ్ డిస్క్ వైరు తగిలించే సాటా పోర్టు ఒకటి పోతే పక్క పోర్టు. వీటికోసం బోర్డు మార్చమనడం పంటి నొప్పికి తల తీయించుకోమన్నట్టే.

ఒక్క పోర్టు లోపం కూడా ఎంత దూరం వెళ్తుందో 2011లో ఇంటెల్ అనుభవం చెబుతుంది. ఆ ఏడాది జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్లలో (బోర్డు మీది పోర్టులను నడిపే ప్రధాన చిప్పుల్లో) డిజైన్ తప్పు ఉందని ప్రకటించింది. ఆరు సాటా పోర్టుల్లో 3 జీబీపీఎస్ వేగంతో పనిచేసే నాలుగు పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి. కొత్తలో ఏ తేడా తెలియదు, కొన్నాళ్లకు హార్డ్ డిస్క్ కనబడటం మానేయవచ్చు. సరఫరా ఆపి, బోర్డులు వెనక్కి తీసుకుని సరిచేయడానికి 70 కోట్ల డాలర్లు అవుతుందని ఇంటెల్ అప్పట్లో అంచనా వేసింది. దిద్దిన చిప్‌సెట్‌కు బీ3 అని గుర్తు పెట్టారు. ఆ తరం సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేవాళ్లు బీ3 అవునో కాదో చూసుకోవడం ఇప్పటికీ మంచిది.

బోర్డు ఎందుకు చస్తుంది

ప్రాసెసర్ పక్కన నిలబడి ఉండే చిన్న చిన్న స్తూపాలే కెపాసిటర్లు. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు ప్రాంతానికి దించే సర్క్యూట్‌లో ఇవి ఎగుడుదిగుళ్లను చదును చేస్తాయి. పాత రకం కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లు వాడే మోటు లెక్క. రివర్సులో చూస్తే, దుమ్ము పేరుకుని గాలి ఆడని క్యాబినెట్ మే నెలలో రేకుల షెడ్డులో ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

2000ల మొదటి సగంలో ఇది ప్రపంచ సమస్య అయింది. నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు లోపల గ్యాసు పుట్టి, పైకప్పు ఉబ్బి, పగిలి గోధుమరంగు రసం కార్చేవి. డెల్ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 మోడళ్లలో పాడైన కెపాసిటర్ల వల్ల బోర్డులు పెద్ద ఎత్తున పోయాయి. వాటిని బాగు చేయడానికి, మార్చడానికి డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకుంది. ఇప్పటి బోర్డుల్లో ద్రవం లేని ఘన కెపాసిటర్లు వాడుతున్నారు కాబట్టి ఉబ్బడం అరుదైంది. ఇప్పుడు ఎక్కువగా కాలేవి వాటి పక్కనుండే మాస్‌ఫెట్లు, అంటే కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే చిన్న స్విచ్‌లు.

మన ఇళ్లలో మాత్రం దీనికి ఇంకో కోణం ఉంది. అది ఎర్తింగ్. క్యాబినెట్ మీద చేయి పెడితే జివ్వుమంటుందని, టెస్టరు పెడితే వెలుగుతోందని చాలామంది చెబుతారు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడకట్టడానికి ఫేజుకు, న్యూట్రల్‌కు, బాడీకి మధ్య రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకు నిజంగా ఎర్తు ఉంటే అటు లీకయ్యే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ బాడీ మొత్తం 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా స్వల్పం, అందుకే ప్రాణానికి ప్రమాదం కాదు, జివ్వుమనిపించి ఊరుకుంటుంది. కానీ ఆ స్థితిలో నడుస్తున్న కంప్యూటర్‌కు టీవీ నుంచి హెచ్‌డీఎంఐ వైరో, ప్రింటరు నుంచి యూఎస్‌బీ వైరో గుచ్చితే, రెండిటి మధ్య ఉన్న ఆ తేడా సన్నని పిన్ల గుండానే సర్దుకోవాలి. పోర్టు కాలేది అప్పుడే. రెండు పిన్ల ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడు పిన్ల ప్లగ్గును అడాప్టరుతో దూర్చి నడిపే చోట కొత్త బోర్డు పెట్టడమంటే పాత కథను మళ్లీ మొదలుపెట్టడమే. బోర్డుకు డబ్బు పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ ఒక్క సాకెట్ ఎర్తు చూపించుకోవడం చవక.

బల్లులు, బొద్దింకలు, చీమల సంగతి ఏ మాన్యువల్‌లోనూ పెద్దగా ఉండదు గానీ రిపేరు బల్ల మీద మాత్రం తరచూ కనబడుతుంది. వెనక వాడని స్లాటు రేకు తీసేసి వదిలేస్తే వెచ్చదనానికి ఏదో ఒకటి లోపలికి చేరి, 12 వోల్టుల మీద కాలు పెట్టి తానూ పోతుంది, బోర్డునూ పట్టుకుపోతుంది.

ఏ బోర్డు కొనాలి

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న ఒక రకం కంప్యూటర్‌ను తీసుకుందాం. ఇంటెల్ నాలుగో తరం ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 అనే చిప్‌సెట్ ఉన్న బోర్డు, డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్ 8 జీబీ, హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్‌ఎస్‌డీ. ప్రాసెసర్ 2013 నాటిది. బిల్లులు కొట్టడానికి, అప్లికేషన్లు నింపడానికి, యూట్యూబ్‌కు ఇప్పటికీ చాలు. బోర్డు పోయింది. ఇప్పుడు?

ఆ ప్రాసెసర్ ఎల్‌జీఏ 1150 అనే సాకెట్‌లోనే, అంటే బోర్డు మీది ఆ రకం గూటిలోనే కూర్చుంటుంది. అంతకుముందు వచ్చిన 1155లో గానీ, తర్వాత వచ్చిన 1151లో గానీ కూర్చోదు. పిన్ల సంఖ్యలో తేడా ఐదో ఒకటో అయినా సరే. విచిత్రంగా వీటన్నిటికీ ఫ్యాన్ బిగించే రంధ్రాలు మాత్రం ఒకే కొలతలో ఉంటాయి. 1200 సాకెట్ దాకా అదే కొలత సాగి, 2021లో వచ్చిన 1700తో మారింది. కాబట్టి పాత ఫ్యాన్ కొత్త బోర్డు మీద బాగానే కూర్చుందని ప్రాసెసర్ కూడా సరిపోతుందనుకోవడం పొరపాటు. సాకెట్ ఒకటే అయినా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. ఆరు, ఏడో తరాల ప్రాసెసర్లు, ఎనిమిది, తొమ్మిదో తరాల ప్రాసెసర్లు అన్నీ 1151లే. కానీ 2017లో ఇంటెల్ 300 సిరీస్ చిప్‌సెట్లతో దారి వేరు చేసింది. మొదటి జంటకు 100, 200 సిరీస్ బోర్డులు, రెండో జంటకు 300 సిరీస్ బోర్డులు. అటుది ఇటు పెడితే పిన్లు కలుస్తాయి, కంప్యూటర్ మాత్రం లేవదు.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ దారి వేరు. 2017లో రైజెన్ ప్రాసెసర్లతో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్ మీదికే 2020 నాటి రైజెన్ 5000 కూడా వచ్చింది. చదవడానికి బాగుంటుంది గానీ ఇక్కడా మెలిక ఉంది. పాత బోర్డుల బయోస్ చిప్పులో అన్ని తరాల ప్రాసెసర్ల సమాచారం పట్టే చోటు లేక కొందరు తయారీదారులు పాతవాటిని తీసేసి కొత్తవాటిని చేర్చాల్సి వచ్చింది. అందుకే ఏ బోర్డైనా కొనే ముందు సాకెట్ పేరు కాకుండా, తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్ పేజీకి వెళ్లి ప్రాసెసర్ల జాబితాలో మన ప్రాసెసర్ ఉందా, ఏ బయోస్ వెర్షన్ నుంచి ఉందో చూడాలి. ఐ5-4590 లాంటి 2014 నాటి ప్రాసెసర్లు కూడా మొదటి బయోస్‌తో వచ్చిన హెచ్81 బోర్డుల్లో అప్‌డేట్ లేకుండా నడవకపోవచ్చు. అప్‌డేట్ చేయాలంటే ఆ బోర్డు గుర్తుపట్టే వేరే ప్రాసెసర్ కావాలి. కోడి ముందా గుడ్డు ముందా అన్న తంతు.

మన ఐ5కు తిరిగొస్తే, పెద్ద కంపెనీల కొత్త హెచ్81 బోర్డు ఇప్పుడు దొరకదు. మిగిలే దారులు మూడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జనం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ బోర్డు వెతకడం మొదటిది. అంతగా వినని పేర్లతో చైనా నుంచి వచ్చే ‘కొత్త’ హెచ్81 బోర్డు రెండోది. ఈ చిప్‌సెట్ల తయారీ ఎప్పుడో ఆగింది కాబట్టి ఇలాంటి బోర్డుల్లో పాతవాటి నుంచి ఊడదీసిన చిప్‌సెట్లు పెట్టడం మామూలే. బోర్డు కొత్తదే, గుండె పాతది. నడవవని కాదు, ఆ ధరకు అదే దక్కుతుందని తెలిసి కొనాలి. బోర్డుతో పాటు ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చేయడం మూడో దారి. డీడీఆర్3 ర్యామ్ కొత్త స్లాటులో పట్టదు, గాటు వేరేచోట ఉంటుంది. కాబట్టి కొత్త తరానికి వెళ్తే మూడూ కలిసే వెళ్లాలి. పాత కంప్యూటర్ నుంచి మిగిలేవి క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ, బాగుంటే ఎస్‌ఎంపీఎస్.

ప్రాసెసర్ల సంగతేంటంటే అవి చావడం చాలా తక్కువ. బోర్డులు ముందు పోతాయి, వాటి తయారీ కూడా ముందే ఆగిపోతుంది. దేశమంతా ఎన్నో ప్రాసెసర్లు ఇలా బోర్డు లేక అనాథలై డబ్బాల్లో పడి ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ చవగ్గా, అదే తరం బోర్డు ఖరీదుగా దొరకడానికి కారణం ఇదే. విండోస్ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. నాలుగో తరం కంప్యూటర్‌కు తక్కువ ధరలో సెకండ్‌హ్యాండ్ బోర్డు దొరికి, దాని మీద చేసేది బిల్లింగో లైనక్సో అయితే మార్చడం సబబే. బోర్డు ధర కొత్త తరం బోర్డు ధరలో సగం దాటితే మాత్రం అది పాత అప్పు మీద కొత్త వడ్డీ.

సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు ఫోను టార్చ్ వేసి, కెమెరాలో జూమ్ చేసి సాకెట్ లోపలి పిన్లు చూడాలి. వరుసల్లో ఒక్క పిన్ను మెరుపు తప్పినా వంగినట్టే. బోర్డు వెనక రంగు మారిన మచ్చలు, టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ జిగురు మరకలు ఉంటే రిపేరైన బోర్డు. అన్ని ర్యామ్ స్లాట్లు, అన్ని యూఎస్‌బీలు, లాన్ చూసుకుని డబ్బివ్వాలి. డిస్‌ప్లే వచ్చింది కదా అని ఇంటికి తెచ్చుకుంటే రెండో స్లాటు సంగతి ఇంట్లోనే బయటపడుతుంది.

బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే కథ మరీ ఇరుకు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం వల్లే ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ క్యాబినెట్‌లో పడుతోంది. పెద్ద కంపెనీలు ఆఫీసుల కోసం చేసే కంప్యూటర్లు చాలావరకు ఆ దారిలో నడవవు. 24 పిన్ల చోట కొన్ని డెల్ ఆప్టిప్లెక్స్‌లలో 8 పిన్లు, కొన్ని హెచ్‌పీ కంప్యూటర్లలో 6, కొన్ని లెనోవో థింక్‌సెంటర్లలో 14. స్క్రూ రంధ్రాలు, పవర్ బటన్ వైరు కూడా వాళ్ల సొంత లెక్కే. ఆఫీసులు తీసేస్తే బాగుచేసి మళ్లీ అమ్మే రీఫర్బిష్డ్ కంప్యూటర్ కొన్నవాళ్లకు బోర్డు పోతే, అదే మోడల్ బోర్డు దొరకాలి లేదా అదే మోడల్ ఇంకో చచ్చిన కంప్యూటర్ దొరకాలి.

బిగించేటప్పుడు

వైర్లన్నీ పీకే ముందు ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ప్లగ్గు తీశాక పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోవాలి.

ప్రమాదం ఎక్కువగా ప్రాసెసర్ దగ్గరే. 2004లో ఎల్‌జీఏ 775 నుంచి ఇంటెల్ పిన్లను ప్రాసెసర్ మీద నుంచి బోర్డు మీదికి మార్చింది. వెంట్రుకల్లాంటి ఆ పిన్ల మీద ప్రాసెసర్ జారినా, వేలు తగిలినా బోర్డు పోయినట్టే, వారంటీ కూడా. ఏఎం4లో పిన్లు ఇంకా ప్రాసెసర్ కిందే ఉంటాయి. ఎండిపోయిన థర్మల్ పేస్టు జిగురై ఫ్యాన్‌ను లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి దానితో పాటే వచ్చేస్తుంది. కంప్యూటర్ కాసేపు నడిస్తే దాన్ని వేడెక్కనిచ్చి, ఫ్యాన్‌ను కాస్త అటూ ఇటూ మెలితిప్పి తీస్తే ఆ ముప్పు తప్పుతుంది. బోర్డు చచ్చిపోతే హెయిర్ డ్రైయర్ గతి. కొత్త బోర్డుతో వచ్చే సాకెట్ ప్లాస్టిక్ మూతను పారేయకూడదు, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు.

క్యాబినెట్‌లో ముందే బిగించి ఉన్న స్టాండ్‌ఆఫ్‌లు కొత్త బోర్డు రంధ్రాలకు సరిగ్గా సరిపోతున్నాయో లేదో లెక్కపెట్టాలి. ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244. పెద్దది తీసి చిన్నది పెడితే ఎక్కడో ఒక స్టాండ్‌ఆఫ్ మిగిలిపోయి బోర్డు వెన్నులో పొడుస్తుంది. కొత్త బోర్డు పెట్టీ పెట్టగానే డిస్‌ప్లే రాకపోతే మొదటి అనుమానం దాని మీద, రెండో అనుమానం ప్రాసెసర్ పక్కన తగిలించే 4 లేదా 8 పిన్ల కనెక్టరు మీద. దాన్ని మర్చిపోని మెకానిక్ లేడు.

పెట్టాక వచ్చే తిప్పలు

డిస్‌ప్లే వచ్చింది, విండోస్ రాలేదు. ఇది తరచూ జరుగుతుంది. పాత బోర్డులో విండోస్‌ను లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసి ఉంటే, కొత్త బోర్డు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో మాత్రమే బూట్ అవుతానంటుంది. డిస్క్‌ను నడిపే పద్ధతి పాత బోర్డులో ఏహెచ్‌సీఐ, కొత్తదానిలో రెయిడ్ అయితే నీలం తెర వచ్చి బూట్ డిస్క్ దొరకలేదంటుంది. ఇవి చాలావరకు బయోస్‌లో మార్చుకునే సెట్టింగులు, అలాంటప్పుడు విండోస్‌ను మళ్లీ వేయాల్సిన పని లేదు. విండోస్ 7 కాలంలో బోర్డు మారితే ఫార్మాట్ తప్పదనేవారు. విండోస్ 10 నుంచి చాలాసార్లు అదే సర్దుకుంటుంది. లాన్ డ్రైవరు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ముందే ఉంచుకోవాలి, నెట్ లేకుండా నెట్ డ్రైవరు దిగదు.

డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే అసలు పరీక్ష అదే. తాళం చెవి పాత బోర్డులోని టీపీఎమ్ అనే భద్రతా చిప్పులో ఉండిపోయింది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసినప్పుడు ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఆ కీ మామూలుగా అదే ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తులేకపోతే బోర్డు మారి కూడా ఫైళ్లు పోయినట్టే. బోర్డు నాటకాలు మొదలుపెట్టిన రోజే, అంటే ఇంకా అప్పుడప్పుడు లేస్తున్నప్పుడే, ఆ కీ రాసి పెట్టుకోవాలి. ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడే షాపులు లైసెన్సును సరెండర్ చేయాల్సిందీ అప్పుడే.

విండోస్ యాక్టివేషన్ కూడా బోర్డుకే ముడిపడి ఉంటుంది. 2012లో విండోస్ 8 నుంచి బ్రాండెడ్ కంప్యూటర్లలో కీని బయోస్ చిప్పులోనే రాసి పంపుతున్నారు. బోర్డుతో పాటు కీ కూడా పోతుంది. 2016 ఆగస్టు నుంచి డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు కలుపుకునే వీలు వచ్చింది. కలిపి ఉంటే, హార్డ్‌వేర్ మార్చానని ట్రబుల్‌షూటర్‌లో చెప్పి తిరిగి యాక్టివేట్ చేసుకోవచ్చు. లోపం వల్ల పాడైన బోర్డును అదే తయారీదారు ఇచ్చిన సమానమైన బోర్డుతో మారిస్తే ఓఈఎమ్ లైసెన్సు (కంప్యూటర్‌తో పాటే వచ్చిన విండోస్ లైసెన్సు) చెల్లుతుందని మైక్రోసాఫ్ట్ నిబంధనల్లో మినహాయింపు కూడా ఉంది.

అన్నీ అయ్యాయి. విండోస్ వచ్చింది, డ్రైవర్లు పడ్డాయి, లాన్ లైటు మినుకుమంటోంది. ఇంటర్నెట్ మాత్రం రాదు. మెకానిక్ వెళ్లిపోయాడు, రాత్రి తొమ్మిదైంది, ఇంట్లో మళ్లీ అదే మాట: ‘కొత్త బోర్డు కూడా పాడుదే ఇచ్చాడు.’ నిజానికి రాగి వైరుతో నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్లు కొందరు కనెక్షన్‌ను పాత బోర్డులోని లాన్ చిప్పు మ్యాక్ అడ్రసుకు, అంటే ఆ చిప్పు సొంత గుర్తింపు సంఖ్యకు కట్టి ఉంచుతారు. కొత్త బోర్డు అడ్రసు వేరు కాబట్టి వాళ్ల సర్వరు గుర్తుపట్టదు. ఆపరేటరుకు ఫోను చేసి మ్యాక్ రీసెట్ చేయమంటే రెండు నిమిషాల్లో నెట్ వస్తుంది, అతను ఫోను ఎత్తితే.